గాడీ నడుపుతారు కదా, సర్

అవమానం అనేది మామూలుగా ఒక ఊళ్లో మొదలై ఆ ఊళ్లోనే ముగుస్తుంది. నాకు జరిగినది రాయ్‌పూర్‌లో మొదలై, మందిర్ హసౌద్ మీదుగా నయా రాయ్‌పూర్ చేరి, అక్కడ పూలమొక్కల మధ్య కాసేపు ఆగి, చివరికి సముద్రం దాటి ఆఫ్రికా అడవిలో పూర్తయింది. ఇంత పొడవాటి అవమానం మా రైల్వేలో మరెవరికీ జరిగి ఉండదు. అందులో నీ తప్పెంత అని మీరు అడగబోతున్నారు. కొంచెం ఉంది, కాదనను. కానీ ముందు మిగతావాళ్ల తప్పులు వినండి. అవి చాలా ఉన్నాయి.

నా పేరు సింహాచలం. మా నాన్న విజయనగరం పక్క పల్లె నుంచి రైల్వే ఖలాసీగా రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను గూడ్సు బండి డ్రైవర్ని. ఇప్పుడు లోకో పైలట్ అనాలట. ఆ మాట కాగితాల మీద తప్ప ఎవరి నోటా నేను వినలేదు. బొగ్గు, ఇనుపరాయి, సిమెంటు, ఏది ఎక్కించినా లాక్కుపోతాను. నా ఇంజను ఒక స్టేషను దాటి వెళ్లిపోయాక కూడా నా చివరి వ్యాగను ఆ స్టేషన్‌కు ఇంకా వస్తూనే ఉంటుంది. అంత పొడుగు బండి. ఈ సంగతి గుర్తుంచుకోమని మనవి, ఎందుకంటే తర్వాత్తర్వాత ఎవరూ గుర్తుంచుకోలేదు.

మా ఆవిడ పేరు కృష్ణవేణి. దేవేంద్ర నగర్‌లో ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతుంది. పుట్టిపెరిగింది ఇక్కడే కాబట్టి కోపం తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. ఒకరోజు బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటైంది వేణీ?" అన్నాను.

"ఒక పిల్ల అడిగిందండీ. మేడమ్, జిరాఫ్ కో ఆప్ దేఖే హో క్యా, అని."

"చూళ్లేదని చెప్పాల్సింది."

"ఎలాగ చెప్తాను? యాపిల్ తిన్నాను, బంతి ఆడాను, పిల్లిని చూశాను. ఇన్నేళ్లనుంచీ ఆ జిరాఫీ ఒక్కదాని దగ్గరే అబద్ధం, ఝూట్ బోల్ రహీ హూఁ. బొమ్మ చూపించి, ఎంత పొడుగో అని చేతులెత్తి చెప్తన్నాను. నాకేం తెలుసు ఎంత పొడుగో?"

"ఏదైనా జూకి తీసుకెళ్తాను."

"కంచె వెనకాల నిలబడ్డది వద్దండీ. దాని అడివిలో అది నడుస్తుంటే చూడాలి."

మా పెళ్లైనప్పటి నుంచీ ఆవిడ తనకంటూ ఏదీ అడగలేదు. పండగకి వెళ్దామంటే నాకు డ్యూటీ, పెళ్లికి వెళ్దామంటే నాకు డ్యూటీ. ఒక్కత్తే వెళ్లి, ఒక్కత్తే అక్షింతలు వేసి, ఒక్కత్తే తిరిగొచ్చిన మనిషి. అందుకని వెంటనే మాటిచ్చేశాను. ఎలాగో కిందా మీదా పడి, ఆఫ్రికాకే వెళ్దామని నిశ్చయించి, ఇద్దరం ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాం.

ఆ ఆఫీసులో టై కట్టుకున్న ఒక పెద్దమనిషి ఉన్నాడు. నా కష్టాలన్నిటికీ మూలపురుషుడు ఆయనే. గ్రూప్ టూర్ తీసుకోండి సర్ అని ఒక రంగుల పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఫలానా వేళకి లేపుతారట. ఫలానా వేళకి టిఫినట. ఫలానా వేళకి బస్సు, ఫలానా వేళకి సింహం. నాకు ఒళ్లు మండింది.

"బాబూ, నేను ఇన్నాళ్లూ టైమ్‌టేబుల్ చేతిలో పట్టుకునే బతికాను. సెలవు పెట్టుకుని, డబ్బులిచ్చి, ఇంకో టైమ్‌టేబుల్ కొనుక్కోవాలా?" అన్నాను.

"అయితే సర్, సెల్ఫ్ డ్రైవ్ తీసుకోండి. దక్షిణాఫ్రికాలో పెద్ద నేషనల్ పార్కు. లోపల మంచి రోడ్లు. మీ ఇష్టం వచ్చిన చోట ఆగొచ్చు. మేడమ్ గారు జిరాఫీ ముందు పూటంతా కూర్చున్నా అడిగేవాడు ఉండడు."

ఆ మాట వినగానే వేణి మొహం వెలిగింది. నేను ఆలోచించాను. సెల్ఫ్ అంటే సొంతం. డ్రైవ్ అంటే నడపడం. మనకంటూ సొంతంగా ఒక కారు, దాన్ని నడపడానికి మనకంటూ సొంతంగా ఒక మనిషి. బస్సులో నలుగురితో కలిసి వెళ్లే బాధ ఉండదు. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? మీరైనా అలాగే అనుకుందురు. అనుకోరా? సరే, వినండి.

ఆయన కంప్యూటరులో ఏదో కొడుతూ, తలెత్తకుండా, "గాడీ తో చలా లేతే హైఁ న, సర్?" అని అడిగాడు.

రైల్వే ఇంట్లో పుట్టినవాడికి గాడీ అంటే ఒకటే. మా నాన్న గాడీ లేటు అన్నా, మా అమ్మ గాడీ దిగి నడిచొచ్చాను అన్నా, అది రైలు. ఈయన మర్యాదకి నా ఉద్యోగం గురించి అడుగుతున్నాడనుకున్నాను. ఛాతీ కొంచెం ముందుకు వచ్చిన మాట నిజం.

"రోజూ నడుపుతాను. బిలాస్‌పూర్ నుంచి గోందియా దాకా," అన్నాను.

ఆయన తలెత్తాడు. "డైలీ?"

"పగలూ రాత్రీ. వానలో, పొగమంచులో కూడా."

"అరే వాహ్. అలసట ఉండదా సర్?"

"అలవాటైపోయింది. పక్కన ఇంకొకడు ఉంటాడు కదా, మాట్లాడుకుంటూ పోతాం."

ఆయన కళ్లల్లో భక్తి కనిపించింది. నాకు చాలా తృప్తి కలిగింది. ఆ తృప్తిలోనే అంతా ఖాయం చేసి బయటికి వచ్చాం. సాయంత్రానికి ఫోనుకు టికెట్ల వివరం వచ్చింది. అందులో నా పేరు పక్కన డ్రైవర్ అని స్పష్టంగా ఉంది. ఉద్యోగం కూడా రాశారంటే ఎంత గౌరవం అనుకున్నాను.

ఆ గౌరవాన్ని వెంటబెట్టుకుని ఆదివారం గుఢియారీలో మా బావ ఇంటికి భోజనానికి వెళ్లాం. మా అక్క మొగుడు గవర్రాజు. మోటారు సామాన్ల కొట్టు ఉంది. అప్పుడే కొత్త కారు కొన్నాడు. దాని సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యకుండా తిరుగుతున్నాడు. నా ఫోను తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఆసాంతం చదివాడు. తర్వాత కళ్లద్దాలు తీసేశాడు.

"ఏట్రా సింహాచలం, అక్కడ కారు ఎవడు తోల్తాడు?"

"డ్రైవరు."

"ఆ డ్రైవరు ఎవడని అడుగుతన్నాను."

"అక్కడి మనిషెవడో ఉంటాడు బావా. నాకెలా తెలుస్తుంది వాడి పేరు?"

"పేరు ఇక్కడ రాసే ఉంది. సింహాచలం అని."

"అది నా ఉద్యోగం రాశారు."

బావ మా అక్క వైపు చూశాడు. మా అక్క పెరుగు గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా లాభం లేకపోయింది. లోపలికి వెళ్లి నవ్వింది. గోడలు పల్చటివి.

"ఒరే, సెల్ఫ్ డ్రైవ్ అంటే ఎవడి కారు ఆడే తోలుకోవడం. సింహాల మధ్యలో నువ్వే స్టీరింగ్ పట్టాల," అన్నాడు బావ. "బతుకులో ఎప్పుడైనా పట్టినావేటి?"

పట్టలేదు. డ్యూటీకి జీపు వచ్చి తీసుకెళ్తుంది. కూరగాయలకి సైకిలు ఉంది. రైలు ఇంజనులో స్టీరింగ్ ఉండదు. చాలామందికి ఈ సంగతి తెలియదు, చెప్పినా నమ్మరు. వేగం పెంచడం నా చేతిలో ఉంది, తగ్గించడం నా చేతిలో ఉంది. ఎటు తిరగాలో పట్టాలు చూసుకుంటాయి.

మర్నాడు ఉదయమే టై ఆయన దగ్గరికి వెళ్లాను. నా అంత కోపంగా ఆ మెట్లు ఎక్కిన మనిషి ఉండడు.

"మీరు నన్ను మోసం చేశారు," అన్నాను.

"సర్, మీరే కదా రోజూ నడుపుతానన్నారు."

"నేను నడిపేది రైలు."

ఆయన కంప్యూటరు వదిలి నా వైపు తిరిగాడు. "రైలుని గాడీ అని ఎవరంటారు సర్?"

నేను జీవితంలో గొంతు పెంచిన సందర్భాలు తక్కువ. అది ఒకటి. "రాయ్‌పూర్ స్టేషన్‌కు వెళ్లి ఒక్క నిమిషం చెవులు పెట్టి వినండి. యాత్రీగణ్ కృపయా ధ్యాన్ దేఁ, గాడీ సంఖ్యా ఫలానా అని మైకులో ఆ అమ్మాయి పొద్దస్తమానం చెబుతోంది. ఆమె కారు గురించి చెబుతోందా? ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి కారు వస్తోందని చెబుతోందా?"

ఆఫీసులో ఉన్న వాళ్లంతా టైపు కొట్టడం ఆపేశారు. ఆయన మాత్రం చాలా శాంతంగా, తారీకు మార్చుకోవచ్చు గాని రద్దు చేసుకుంటే కట్టింది తిరిగి రాదని చెప్పాడు. శాంతంగా మాట్లాడేవాళ్లంటే నాకు అప్పటినుంచీ పడదు.

ఇంటికొచ్చి వేణికి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "బడిలో పిల్లలకి చెప్పేశానండీ," అంది. ఆ ఒక్క మాటే అంది. తిడితే బాగుండేది.

"అంత బండి లాగేవాడికి ఇంత కారు ఒక లెక్కా? నేర్చుకుంటాను," అన్నాను.

లెర్నర్ లైసెన్సు తీసుకున్నాను. నాకు తోడుగా ఉంటుందని వేణి కూడా తీసుకుంది. తోడుగానే అని నేను అనుకున్నాను. బావ ప్రతి ఆదివారం ఉదయం తన కొత్త కారులో మమ్మల్ని మందిర్ హసౌద్ దాటించి నయా రాయ్‌పూర్ తీసుకెళ్లేవాడు. అక్కడి రోడ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. పెళ్లి ఊరేగింపులు రెండు పక్కపక్కన పోయేంత వెడల్పు, మనిషి జాడ ఉండదు. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నేను డ్రైవరు సీట్లో, బావ పక్కన, వేణి వెనక సీట్లో.

నేను బాగానే నడిపానని ఇప్పటికీ అంటాను. దూరంగా ఆవు కనబడితే అప్పుడే బ్రేకు వేసేవాణ్ని.

"ఎందుకాపినావు?" అనేవాడు బావ.

"ఆవుంది."

"అది ఏ మూలో ఉందిరా. దానికి మనం కూడా కనబడ్డం లేదు."

"మా బండి ఆగాలంటే ఇక్కణ్నించే మొదలెట్టాలి బావా."

"ఇది మీ బండి కాదురా నాయనా."

ప్రతి అడ్డరోడ్డు దగ్గరా దూరం నుంచే పొడుగ్గా హారన్ మోగించేవాణ్ని. అది మా నియమం. ఎవరూ లేని రోడ్ల మీద, ఎవరూ లేని మలుపుల దగ్గర నా హారన్ అలా మోగుతుంటే పొదల్లోంచి పక్షులు లేచిపోయేవి. ఇంకొక అలవాటు కూడా ఉంది. ఇంజనులో డ్రైవరు మెలకువగా ఉన్నాడని తెలియడానికి మాటిమాటికీ ఒక మీట నొక్కుతూ ఉండాలి. నొక్కకపోతే బండి తనంతట తనే ఆగిపోతుంది. కారులో అలాంటి మీట లేదని నా బుర్రకి తెలుసు, కాలికి తెలియదు. అది తన మానాన తాను క్లచ్చి నొక్కుతూ పోయేది. కారు నడిచే తీరుకి బావకి పొద్దున్న తిన్న ఇడ్లీలు పైకి వచ్చేవి.

"కాలు తియ్యరా. క్లచ్చి మీంచి కాలు తియ్యి."

"తీశాను."

"మళ్లీ పెట్టినావు."

"నేను పెట్టలేదు, అదే వెళ్లింది."

వేణి వెనక సీట్లో కూర్చుని కిటికీ అవతలికి చూస్తోందనుకునేవాణ్ని.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం గురించి చెప్పక తప్పదు. ఆ రోజు కారు నా చేతికి నిజంగా స్వాధీనమైంది. ఆవులు లేవు. కాలు కూడా బుద్ధిగా ఉంది. మంచి రోడ్డు, మంచి గాలి. నాకు ఇంజనులో కూర్చున్నట్టే హాయిగా అనిపించింది. ఎదురుగా ఒక పెద్ద గుండ్రటి చౌరాస్తా వచ్చింది. మధ్యలో బంతిపూల మొక్కలు, అందంగా ఉన్నాయి.

"తిప్పు," అన్నాడు బావ.

నేను మొక్కల వైపు చూస్తున్నాను.

"స్టీరింగు తిప్పరా."

ఇక్కడ నా పరిస్థితి మీరు సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇరవై ఏళ్లకు పైగా ఏ వంపు వచ్చినా, ఏ స్టేషను వచ్చినా, నేను చెయ్యి కదపకుండానే బండి తిరిగింది. వంపు వచ్చింది, తిరుగుతుందిలే అని నా ఒళ్లంతా నిశ్చింతగా కూర్చుంది. తిరగలేదు. గట్టు ఎక్కాం. బంతిపూలు ముందు అద్దానికి కొట్టుకున్నాయి. కారు చౌరాస్తా మధ్యకి చేరి, ఏదో విరిగిన చప్పుడు చేసి ఆగింది.

మొక్కలకి నీళ్లు పెడుతున్న ఒక ముసలాయన గొట్టం చేత్తో పట్టుకునే మా దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. కిటికీలోంచి వంగి చూసి, "యే హ రద్దా నోహే, భైయా," అన్నాడు. ఇది రోడ్డు కాదు అన్నయ్యా, అని. నాకు తెలియనట్టు.

"సిగ్నల్ ఏది?" అన్నాను. నిజంగానే అన్నాను. "ఇంత పెద్ద అడ్డం పెట్టినప్పుడు ముందుగా ఒక పసుపు సిగ్నలో ఎర్ర సిగ్నలో పెట్టాలా వద్దా?"

బావ కారు దిగి ముందు వైపుకి వెళ్లాడు. బంపరు ఒక చివర ఊడి నేల మీద ఆనుకుని ఉంది. ఆయన దాన్ని చేత్తో ఎత్తి, మళ్లీ మెల్లగా కింద పెట్టి, ఆ గట్టు మీదే కూలబడ్డాడు. ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యని కారు.

"దిగండి," అంది వేణి వెనక నుంచి.

దిగాను. ఆవిడ ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. "అన్నయ్యా, ఆ బంపర్ని తాడుతో కట్టేస్తారా?" అని మా బావని అడిగింది. ఆయన డిక్కీలోంచి తాడు తీసి కట్టాడు. మేమిద్దరం ఎక్కాక ఆవిడ కారుని వెనక్కి తీసి, గట్టు దించి, చౌరాస్తా చుట్టూ బొంగరంలా నున్నగా తిప్పి, మందిర్ హసౌద్ దాకా తెచ్చింది.

బావ సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "చెల్లెమ్మా, నువ్వెక్కడ నేర్సినావు?"

"వెనక సీట్లోనే. మీరు ఈయనకి చెప్పినవన్నీ నేను వింటన్నాను కదా."

"నాను చెప్పింది ఈడికి."

"ఈయన వినలేదు కాబట్టి మిగిలిపోయిందంతా నాకే వచ్చింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వెనక సీట్లో ఉన్నాను. ఆ నవ్వులో నాకు భాగం ఇవ్వలేదు.

రెండు నెలల్లో వేణికి లైసెన్సు వచ్చింది. పరీక్ష పెట్టిన ఆఫీసరు బాగా నడిపారమ్మా అన్నాడట. నేను పరీక్షకు వెళ్లలేదు. నాకు ఆ రోజు డ్యూటీ ఉంది. నిజంగానే ఉంది, ఎవరినైనా అడగండి.

అవమానం అక్కడితో ఆగిందా? లైసెన్సు వచ్చి ఏడాదైనా నిండని వాళ్లకి అక్కడ కారు ఇవ్వరట. ఆ సంగతి టై ఆయన చాలా శాంతంగా ఫోనులో చెప్పాడు. ప్రయాణం మరుసటి ఏడాదికి మారింది. ఈ లోపు నేను ఆఫ్రికా వెళ్తున్నానని డ్రైవర్లందరికీ చెప్పి ఉన్నాను. ఏడాది పొడవునా, డ్యూటీ ఎక్కినప్పుడొకసారి దిగినప్పుడొకసారి, "సింహాచలం భాయ్, ఆఫ్రికా గాడీ కిత్నా లేట్ చల్ రహీ హై?" అని, బండి ఎంత లేటని, అడగని వాడు లేడు. వాళ్లలో ఒక్కరైనా గాడీ అంటే కారు అనుకున్నారా? లేదు. ఈ విషయం టై ఆయనకి చెప్పాలని ఉండేది.

మొత్తానికి వెళ్లాం. అక్కడ అప్పుడు చలికాలం. గడ్డి ఎండిపోయి పసుపుగా ఉంది. రోడ్లు మనకి లాగే ఎడమ వైపు. తెల్లటి చిన్న కారు ఇచ్చారు. వేణి చీర కుచ్చిళ్లు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. లోపలికి వెళ్లగానే ఇంత వేగం మించరాదు అని బోర్డు కనిపించింది. కారు దిగరాదు అని ఇంకో బోర్డు. నాకు ఆ దేశం మీద చాలా గౌరవం కలిగింది.

జిరాఫీ రెండో రోజు ఉదయం కనిపించింది. నేనే ముందు చూశాను, అది రాసి పెట్టుకోండి. ముళ్లచెట్టు మీద ఇంకో చెట్టు మొలిచినట్టు తల ఒకటి కదులుతోంది. వేణి కారు ఆపి, ఇంజను కట్టేసింది. అది మెల్లగా చెట్టు వెనక నుంచి వచ్చి, మా ముందు నుంచి రోడ్డు దాటింది. ఒక్కొక్క కాలు ఎత్తి పెట్టడానికి దానికి ఏ తొందరా లేదు. వేణి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, వాటి మీద గడ్డం ఆనించి చూసింది. అది కనిపించకుండా పోయాక కూడా అటే చూస్తూ కూర్చుంది.

"నేను పిల్లలకి తక్కువ చెప్పానండీ," అంది చాలాసేపటికి.

ఒక్క క్షణం నేను బంతిపూలు, బంపరు, టై ఆయన, అన్నిటినీ మర్చిపోయాను. ఒక్క క్షణమే. ఎందుకంటే బయల్దేరి ముందున్న మలుపు తిరగగానే ఏనుగు వచ్చింది.

మన ఏనుగులాంటిది కాదు. చెవులు చాటలంతంత ఉన్నాయి. రోడ్డు మధ్యలో, మా వైపే నడిచి వస్తోంది. పక్క సీట్లోంచి చెయ్యి చాచి హారన్ కొట్టబోయాను. వేణి నా చెయ్యి మీద ఒక దెబ్బ వేసింది.

"వెనక్కి వెళ్లాలి," అంది. "వెనకేముందో నాకు సరిగ్గా కనబడ్డం లేదు. మలుపు కదా. మీరు చూసి చెప్పండి. బేగి."

నేను సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద నిలబడ్డాను. వెనక అద్దంలోంచి చూస్తూ, "రానీ. రానీ. కొంచెం ఎడమకి. రానీ. మలుపు వచ్చింది, మెల్లగా. లైను క్లియర్. రానీ," అని చెబుతూ పోయాను. వేణి నేను చెప్పినట్టే కారుని వెనక్కి నడిపింది. ఏనుగు కొంత దూరం మా వెంట వచ్చి, విసుగెత్తి, పక్కకి తిరిగి ఒక చెట్టు కొమ్మ విరుచుకుంది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నా మాట మీద ఒక బండి క్షేమంగా నడిచింది. పోయిన పరువంతా తిరిగి వచ్చినట్టే అనిపించి, ఒక మంచి మాట కోసం వేణి వైపు తిరిగాను.

ఆవిడ నిజంగా మెచ్చుకుంటూ, ప్రేమగా, నా భుజం తట్టి అంది. "మీరు గార్డు పని చాలా బాగా చేస్తారండీ."

గార్డు. ముందు కూర్చుని బండి నడిపేవాణ్ని పట్టుకుని, బండి చివర పెట్టెలో కూర్చుని జెండా ఊపేవాడివి అంది. ఏ డ్రైవరునైనా అడగండి, ఇంతకన్నా పెద్ద మాట లేదు. అన్నది ఆఫ్రికాలో కాబట్టి అక్కడే పాతిపెట్టి వద్దామనుకున్నాను. ఆవిడ రాయ్‌పూర్ రాగానే మా అక్కకి చెప్పింది. మా అక్క బావకి చెప్పింది. బావ కొట్టుకి వచ్చిన ప్రతి రైల్వే మనిషికీ చెప్పాడు. ఇప్పటికీ నేను డ్యూటీకి వెళ్తే నిజమైన గార్డులు లేచి నిలబడి, "ఆయియే, గార్డు సాబ్" అని కుర్చీ చూపిస్తారు.

కనుక ఈ చదువరులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక నా ప్రాణం ఉన్నంతకాలం, టై కట్టుకున్న మనిషి ఎవరైనా తలెత్తకుండా నీకు ఫలానాది వచ్చా అని అడిగితే, ఛాతీ ముందుకు రానివ్వను. నోరు మూసుకుని పక్కకి తిరిగి, మా ఆవిడని అడగమంటాను.